అతుకు మీద అతుకు

మొగులయ్యకు మగ్గం తప్ప ఇంకో పని తెలియదు. గద్వాలలో నూలు చీరకు పట్టంచు కలిపే నేతగాళ్లలో అతనిది బాగా తిరిగిన చేయి. ఆ చేయే పాడైంది. పాడు చేసింది కల్లు. చెట్టు కల్లయితే ఇంతదూరం వచ్చేది కాదేమో. దుకాణంలో ఏదో పొడి కలిపి సీసాల్లో పోసి అమ్మేదానికి కల్లని పేరు పెట్టినవాడి నోట్లో మన్ను పడ! తాగితే ఒళ్లు తెలియదు, మానేస్తే మతి నిలవదు. మొగులయ్య రెండూ చూశాడు. మానేసిన వారంలోనే గోడలతో మాట్లాడాడు. భార్య భీమమ్మను ఎవరో పరాయిదనుకుని కొట్టబోయాడు. ఆమె, ఆమె అన్న కలిసి అతన్ని హైదరాబాదు దవాఖానలో చేర్పించారు.

బయటికొచ్చేసరికి మతి కుదురుకుంది గాని, మాత్రల వల్లనో మరెందుకో వేళ్ల వణుకు పోలేదు. పట్టుపోగు పట్టుకుంటే తెగిపోతుంది.

"ఏదన్న పని దొరికినంకనే ఇంటికి రా. అప్పటిదాంక నాతోని కాదు" అంది భీమమ్మ. అన్యాయం అనేవాళ్లు ఆమె ఇంట్లో కొన్నాళ్లు ఉండి చూసి అనాలి.

అది రెండు వేల నాలుగు. వనపర్తి శివార్లలో ఒక సంస్థవాళ్లు ఇలాంటి మనుషులకు సుతారి పని, అంటే గోడలు కట్టే పని, నేర్పుతున్నారని దవాఖానవాళ్లే చెప్పి పంపారు. అక్కడ కొందరు తాగుడు మానినవాళ్లు, కొందరు మతి చెదిరి తేరుకున్నవాళ్లు. మొగులయ్య రెండు జట్లలోకీ వస్తాడు. నేర్పేవాడు అయిజ ఊరి దిక్కు మేస్త్రీ తిమ్మప్ప. ముక్కు మీద కోపం. అయితే పిచ్చోడని ఒకణ్ణి, తాగుబోతని ఇంకొకణ్ణి వేరు చేయడు, అందర్నీ సమానంగా తిడతాడు. మొగులయ్యకు ఆ తిట్లే నయమనిపించేవి. జాలి చూపులతో అతను అప్పటికే విసిగిపోయి ఉన్నాడు.

ఎండాకాలమంతా ఇసుక, సిమెంటు మాలు కలిపి, ఇటుకలు మోసి అతని నడుము పడిపోయింది. మాత్ర వేసుకుంటే పగలే నిద్ర ముంచుకొస్తుంది. సాయంత్రానికి అన్నం కలుపుకునే ఓపిక కూడా మిగలదు. ఒక్కటే మేలు. ఇటుక చేతిలో ఉన్నంతసేపు ఆ బరువుకు వేళ్లు వణకవు. అది చూసే తిమ్మప్ప ఒకరోజు, "రేపు ఆ అడ్డగోడ నువ్వొక్కనివే కట్టు. నిలబడ్తే నా వెంబడి పనిల పెట్టుకుంట" అన్నాడు.

మర్నాడు మొగులయ్య గోడ మొదలుపెట్టిన కాసేపటికే భీమమ్మ వచ్చింది. చేతిలో బట్టల సంచి ఉంది.

"ఇంక ఎదురుచూసుడు నాతోని కాదు. ఇంటికి తాళమేసి మా అన్న దగ్గరికి పోతున్న. చెప్పిపోదామని వచ్చిన" అంది.

"జర ఈ గోడ అయ్యేదాంక కూసో" అన్నాడు. ఆమె ఇసుక కుప్ప పక్కన కూర్చుంది.

ఇటుకలు ఎలా పేర్చాలో తిమ్మప్ప చెప్పాడు, చూపించాడు కూడా. కానీ ఒంటరిగా నిలబడేసరికి మొగులయ్యకు ఆ తీరు వంకరగా కనిపించింది. జన్మంతా పోగుకు పోగు కలిపిన కన్ను అది, ఊరుకుంటుందా? కింది వరుసలో రెండిటుకలు కలిసే అతుకుకు సరిగ్గా పైనే పై వరుస అతుకు వచ్చేటట్టు సర్దుకుంటూ పోయాడు. ఛాతీ ఎత్తు లేచేసరికి అతుకులన్నీ మగ్గం మీది పడుగు దారాల్లా నిలువునా దిగాయి. చాలాకాలం తర్వాత తను చేసిన పని తనకే ముచ్చటగా అనిపించింది.

తిమ్మప్ప వచ్చి ఒక చూపు చూసి కాలితో నెట్టాడు. గోడ అతుకు వెంబడి చీలి కుప్పకూలింది.

"అతుకు మీద అతుకు పెడ్తరా ఎవరన్న? ఎన్నిసార్లు చెప్పిన నీకు!"

లేచింది భీమమ్మ.

"ఎందుకు తన్నినవన్నా? ఏం తప్పు చేసిండు? పోగుకు పోగు కలిసినట్ల ఎంత సాఫ్‌గ కట్టిండు, కండ్లకు కనబడ్తలేదా?"

తిమ్మప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. కోపం దిగిపోయింది. "అక్కా, బట్ట వేరు, గోడ వేరు. కింది అతుకును పై ఇటుక కప్పాలె. లేకుంటే మీదికెళ్లి కిందిదాంక ఒక్కటే చీలిక."

భీమమ్మ పడిపోయిన ఇటుకల వైపు చూసి, "మాకేం తెల్సు! మేం గట్లనే చూస్తం" అని గొణిగింది.

ఆమె తప్పుగానే వెనకేసుకొచ్చింది. అయితేనేం, తన తరఫున ఒక మనిషి నోరు విప్పి ఎన్నేళ్లయింది! మొగులయ్యకు ఏడుపు తన్నుకొచ్చింది. మొహం తిప్పుకుని ఇటుకలకు అంటిన మాలు గీకడం మొదలుపెట్టాడు. భీమమ్మ కొంగు నడుముకు చుట్టుకుని ఒక్కొక్కటే అందించింది. అతుకు తప్పించి పెట్టిన ప్రతిసారీ ఇద్దరికీ కళ్లలో ఏదో గుచ్చుకున్నట్టే ఉంది.

పొద్దు వాలేవేళకు తిమ్మప్ప మళ్లీ కాలితో నెట్టాడు. గోడ కదల్లేదు.

"నడుస్తది. సోమారం నుంచి పనికి రా" అని వెళ్లిపోయాడు.

ఇద్దరూ ఇసుకలో కూలబడ్డారు. భీమమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "అన్న దగ్గరికి పోనులే. ఆదివారం ఇంటికి రా" అంది.

ఇన్నాళ్లూ ఆ మాట కోసమే బతికాడు. తీరా విన్నాక భయమేసింది.

"రానే" అన్నాడు.

"ఏం?"

"బస్సు దిగి ఇంటికొచ్చే తొవ్వల కల్లు దుకాణమున్నది. ఒక్కన్ని దాటుతనో లేదో నాకే తెల్వదు."

తిట్టే ఓపిక కూడా భీమమ్మకు లేదు.

"నేను బస్టాండుకొస్త. చెయ్యి పట్కొని దాటిస్త."

"బజార్ల అందరు చూస్తరు."

"చూడనీ" అని భీమమ్మ కాళ్లకంటిన ఇసుక దులుపుకుని లేచింది. "ఏ బస్సుకొస్తవో అది చెప్పు."