మా వాకిట్లో ఉన్న రోడ్డు

ఈ రోజు పొద్దున పదిమందిలో ఒక అమ్మాయిని ఎగతాళి చేశాను. నాకు అరవై నాలుగేళ్లు. ఆ అమ్మాయి మా ఊరి నుంచి జగ్గయ్యపేటకు కరెంటు ఆటో నడుపుతూ ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. బంకు మొహం చూడనివాళ్లు మనం డీజిలు మీద పన్ను కట్టి వేసుకున్న రోడ్డు మీద ఊరికే తిరుగుతున్నారని అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె భర్త ఆ రోడ్డు మీదే చనిపోయాడు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఎందుకు చనిపోయాడో నాకు మాత్రమే తెలుసు.

హైవే దిగాక మా ఊరికి మూడు కిలోమీటర్లు. హైవే ఎక్కితే ఒక పక్క జగ్గయ్యపేట, ఇంకో పక్క నందిగామ. ఎటు వెళ్లాలన్నా ముందు ఆ మూడు కిలోమీటర్లు దాటాలి. ఇప్పుడది రోడ్డు కాదు, గుంటల వరుస. పెట్రోలు మీద, డీజిలు మీద లీటరుకింత అని రోడ్ల కోసం తీసుకుంటున్నారు కదా, మన రోడ్డు వంతు ఎప్పుడొస్తుందని అడిగీ అడిగీ ఊరు విసిగిపోయింది. పైగా కరెంటు బళ్లు పెరుగుతున్నాయి, ఇక ముందు ఆ డబ్బు కూడా తగ్గుతుందని ఎవరో చెప్పారు. అందుకని మనమే ఏదో ఒక దారి చూసుకుందామని పంచాయతీ ప్రెసిడెంటు గారు ఈ ఆదివారం బడి వరండాలో మీటింగు పెట్టించారు. చర్చిలో ప్రార్థన అయిపోగానే అటు నుంచి అటే చాలామంది వచ్చారు. ఆడవాళ్లు ఇంకా తెల్లచీరల్లోనే ఉన్నారు.

రోడ్ల పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి నాకు కుర్చీ వేశారు. అక్కడే మొదలైంది నా పొగరు.

ఎకరానికింత అని చందా వేద్దామని ఒకరన్నారు. పొలం లేనివాళ్లు రోడ్డు మీద నడవరా అని కౌలు రైతులు అడ్డం తిరిగారు. చెరువులో చేపల వేలం డబ్బు రోడ్డుకు ఇచ్చేద్దామన్నారు. అది వేసవిలో మంచినీళ్ల ట్యాంకర్లకే చాలడం లేదు. మన రోడ్డు మీదుగా అడ్డదారిన పోయే సున్నపురాయి లారీలకు తాడు కట్టి ఆపుదామన్నారు కుర్రకారు. కేసులు పెడతారని ప్రెసిడెంటు గారు భయపడ్డారు. ట్రాక్టరున్న రైతు ఒకాయన లేచాడు.

"నా ట్రాక్టరు నెల్లో ఇరవై రోజులు చేలోనే ఉంటది. చేలో తాగిన డీజిలుక్కూడా రోడ్డు పన్ను కట్టా. లెక్కప్రకారం మీరే నాకు తిరిగియ్యాలి."

మిరపకోతలకు పోయే ముసలామె వెనక నుంచి అందుకుంది. "నేను నడిచిపోయేదాన్నయ్యా. నా చెప్పులకెంతో అది కూడా ఇప్పుడే చెప్పేయండి."

ఆ నవ్వులు ఆగాక నేను గొంతు సవరించుకున్నాను. డీజిలు కొనేవాడు బంకులోనే కట్టేస్తున్నాడు, కాబట్టి ముందు అసలేమీ కట్టనివాళ్ల నుంచి మొదలుపెట్టాలి అన్నాను. అందులో తప్పు లేదు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. అందరూ వింటున్నారు కదా అని ఆ బంకు మాట కూడా అనేశాను. ఊళ్లో కరెంటు ఆటో ఒక్కటే ఉంది. ఎవరిని అన్నానో చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి స్తంభం పక్కన కూర్చుని ఉంది. లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"మా ఆయన కట్టాడు కదా బాబాయ్ గారూ. తొమ్మిదేళ్లు డీజిలు పోయించాడు. ఆ డబ్బులు ఏ రోడ్డుకి వేశారో చెప్పండి. తక్కువైతే మిగతాది నేను కడతా."

ఎవరూ నవ్వలేదు. ఆమె అడిగిన దానికి జవాబు చెప్పగలిగింది ఆ వరండాలో నేనొక్కణ్నే. కళ్లద్దాలు తుడుచుకున్నాను. సాయంత్రం మళ్లీ కూర్చుందామని ప్రెసిడెంటు గారు అందర్నీ లేపారు.

పదేళ్ల కిందట ఆ రోడ్డు వేసినప్పుడు పని చూసింది నేనే. మా ఊరి రోడ్డని అడిగి మరీ ఆ పని వేయించుకున్నాను. కంకర పరిచి రోలరు తొక్కించాక, మందం సరిపోయిందో లేదో చూడ్డానికి అక్కడక్కడ గుంట తీసి కొలుస్తారు. ఎక్కడ తీయాలనేది కొలిచేవాడి ఇష్టం. ఆ ఇష్టమే మా చేతిలో ఉన్న అధికారం. కాంట్రాక్టరు మనిషి ముందురోజు వచ్చి, మూడు చోట్ల రోడ్డు పక్కన సున్నంతో గుర్తులు పెట్టాను సార్, అక్కడ చూడండి అన్నాడు. ఆ మూడు చోట్లా కంకర జానెడు మందం నిండుగా ఉంది. మూడు గుంటలూ అక్కడే తీయించి సంతకం పెట్టాను. మిగతా రోడ్డంతా ఎంత ఉందో తవ్వి చూడలేదు. చూడకపోయినా తెలుసు. రోలరు పోతుంటే కింద మట్టి పైకి ఉబికేది.

నేను లంచం తీసుకోలేదని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. డబ్బు తీసుకోలేదు, నిజమే. ఆ వారంలోనే రెండు ట్రాక్టర్ల కంకర మా ఇంటి ముందు దిమ్మరించి వెళ్లారు. వానొస్తే మా వాకిలి బురదయ్యేది. ఆ కంకర పరిచి, దాని మీద సిమెంటుతో చప్టా చేయించాను. నా భార్య బతికినన్నాళ్లూ ఆ చప్టా మీదే ముగ్గు వేసింది.

మూడేళ్ల కిందట వానాకాలంలో, హైవే ఇంకా కిలోమీటరుందనగా మలుపులో ఆ అమ్మాయి భర్త ఆటో ముందు చక్రం నీళ్లు నిండిన గుంటలో పడింది. వెనక కూలి ఆడవాళ్లున్నారు. వాళ్లకు దెబ్బలతో పోయింది. అతను జగ్గయ్యపేట ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం వదిలాడు. శవపెట్టె మోసినవాళ్లలో నేనూ ఒకణ్ని. సమాధుల దగ్గర ఎవరో రోడ్డుని తిడుతుంటే, నా నోటి వెంట ఒక మాట వచ్చింది. కుర్రాడు కాస్త స్పీడు మీద ఉన్నట్టున్నాడు అన్నాను. రోడ్ల సంగతి తెలిసినవాణ్ని కదా, నమ్మారు. మరుసటి వారానికి ఊరంతా అదే చెప్పుకుంది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు.

మధ్యాహ్నం వాకిట్లో నిలబడితే కాళ్ల కింద చప్టా వేడిగా, గట్టిగా ఉంది. ఇన్నేళ్లలో ఒక్క పగులు కూడా రాలేదు. చెప్పులేసుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను.

కిటికీలోంచి వైరు లాగి ఆటోకి చార్జింగు పెట్టి ఉంది. ఆమె గడపలో కూర్చుని పిల్లకు జడ వేస్తోంది. నన్ను చూసి లేచి, పిల్లను లోపలికి పంపి, కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. సున్నం గుర్తులు, మూడు గుంటలు, మా చప్టా, అన్నీ చెప్పాను. సమాధుల దగ్గర అన్న మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆమె ఏడవలేదు. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఆటో వైపు తిరిగింది.

"ఆయన మెల్లగా తోలేవాడండి," అంది. "మరీ మెల్లగా. పక్క ఆటోల వాళ్లు నత్త అని పిలిచేవాళ్లు. మా అత్తగారు చచ్చిపోయేదాకా నా కొడుకు తొందరపడి చచ్చాడే అనుకుంటూ పోయింది. నేనూ ఒక్కోసారి ఆయన మీద కోపం తెచ్చుకున్నా బాబాయ్ గారూ. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఎందుకంత స్పీడని."

నేనేం చెయ్యాలో చెప్పమ్మా అన్నాను.

"నాకేం చెయ్యొద్దు. మెల్లగానే తోలాడని అందరికీ చెప్పండి. మీరన్నారు కాబట్టి మీరే చెప్పాలి."

సాయంత్రం వరండాలో మళ్లీ అందరూ చేరారు. నాకు మళ్లీ అదే కుర్చీ వేశారు. దాన్ని పక్కకు జరిపి నిలబడ్డాను. ఆ అమ్మాయి భర్త మెల్లగానే తోలాడని ముందు చెప్పాను. తర్వాత ఎందుకు చనిపోయాడో చెప్పాను. పన్ను ఎక్కడి నుంచి రావాలని పొద్దుటి నుంచి మాట్లాడుకుంటున్నాం, ఒకసారి వచ్చిన పన్ను ఏమైందో నాకు తెలుసు అన్నాను. చెప్పులకెంతని అడిగిన ముసలామె ప్రమాదం జరిగిన రోజు అతని ఆటోలో ఉన్న మనిషే. ఆమె నా దగ్గరికొచ్చి, నా మొహంలోకి చూసి వెళ్లిపోయింది. అదే ఎక్కువ బాధ పెట్టింది.

నమ్మనివాళ్ల కోసం గునపం పట్టుకుని మలుపు దగ్గరికి నడిచాం. ఎక్కడ తవ్వమంటావని ఆ అమ్మాయినే అడిగాను. ఆమె గుంట అంచుకు అడుగు దూరంలో కాలి బొటనవేలితో చూపించింది. తవ్వాను. జానెడు ఉండాల్సిన చోట నాలుగు వేళ్ల మందం కంకర. దాని కింద ఒట్టి నల్లరేగడి.

అక్కడే, రోడ్డు మీదే నిలబడి ఊరు ఒక నిర్ణయానికొచ్చింది. ఏ బండి అయినా సరే, ఇంధనం ఏదైనా సరే, రోడ్డు అరిగేది బరువుకే కాబట్టి మోసే బరువును బట్టి ఇవ్వాలి. సున్నపురాయి లారీల యజమానుల దగ్గరికి పెద్దలు వెళ్లి మాట్లాడాలి. బరువు తక్కువది కాబట్టి ఆ అమ్మాయి వంతు అందరికంటే తక్కువే వచ్చింది. ఇస్తానంది. ఒక్క షరతు పెట్టింది. రోడ్డు వేశాక మందం ఎక్కడ తవ్వి చూడాలో తనే చెబుతానంది. ఎవరూ కాదనలేదు. రోడ్డు పని చూసే కమిటీలో ఉండమని నన్నెవరూ అడగలేదు. అడగకపోవడమే సరి.

పొద్దు గుంకుతుండగా ఇంటికొచ్చి అదే గునపంతో చప్టా పగలగొట్టడం మొదలుపెట్టాను. ముగ్గు వేసే చోటు దగ్గర చెయ్యి ఆగింది. అయినా కొట్టాను. సిమెంటు పెచ్చులు లేచాక కింద కంకర కనిపించింది. వేసిననాటిలాగే నీలంగా, జానెడు మందం. రెండు తట్టలు ఎత్తి సైకిలుకి కట్టుకుని, తొక్కే సత్తువ లేక నడిపించుకుంటూ మలుపు దాకా వెళ్లాను. అతని చక్రం పడిన గుంటలో ఆ రెండు తట్టలూ పోసి, రాళ్లు కదలకుండా కాళ్లతో తొక్కి, తర్వాతి తట్టల కోసం వెనక్కి వచ్చాను.