వధువు: త్వరలో

చదువు అయిపోయిన కొత్తలో మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఆ రోజుల్లో నేనూ అంతే. బందరులో డిప్లొమా ముగించి, గుడివాడలో లైట్ల బోర్డులు తయారుచేసే బావగారి దగ్గర చేరాను. (ఆయన నాకు బావేమీ కాదు, ఊరందరికీ బావగారే.) కల్యాణ మండపాల ముందు వధూవరుల పేర్లు ఎర్రగా పరుగెత్తే బోర్డులు మావి. ఒక్కోదాని వెనక లినక్స్‌తో నడిచే అరచేతంత కంప్యూటరు, అందులో ఓ మెమరీ కార్డు. కరెంటు ఠక్కున పోతే రాస్తున్నది సగంలో ఆగి కార్డే పాడైపోయేది. "దీనికేదో దారి చూడవయ్యా. ఈ పెళ్లిలో బోర్డు ఆగకుండా తిరిగిందా, నిన్ను పర్మనెంట్ చేసేస్తా" అన్నారు బావగారు.

దారి నాకు తెలుసు. కార్డు మీద ఇంకేమీ రాయడానికి వీల్లేకుండా తాళం వేసేయడమే. కార్డు అంచునుండే బుల్లి మీటను తాళం వైపు జరిపాను. అది మళ్లీ కదలకుండా చుక్క జిగురు పెట్టాను. ఆ చేత్తోనే కార్డును కూడా లోపల అతికించేశాను. (జాగ్రత్తపరుణ్ణి కదా!) అంతకుముందు బోర్డు వెలుగుతోందో లేదో చూడ్డానికని, వరుడి చోట నా పేరు, వధువు చోట "త్వరలో" అని కొట్టుకుని మురిసిపోయాను. తాళం వేసేముందు దాన్ని చెరపాలన్న సంగతి మరిచిపోయాను.

పెళ్లి నాగాయలంకలో రొయ్యల చెరువులున్న బావగారు మావయ్యగారని పిలిచే ఒకాయన అమ్మాయిది, పగటి ముహూర్తం. పొద్దున్నే వెళ్లి అసలు పేర్లు కొట్టాను. బ్రహ్మాండంగా తిరిగాయి. సరిగ్గా మగపెళ్లివారు బస్సు దిగుతుండగా కరెంటు పోయింది, జనరేటరు అందుకుంది. బోర్డు చక్కగా లేచింది, కార్డుకు ఏమీ కాలేదు. కాకపోతే నేను కొట్టిన అసలు పేర్లు కార్డు మీదికి ఎక్కలేదు గనక కరెంటుతోపాటే పోయాయి. వరుడు నేను, వధువు త్వరలో.

"ఎవడండీ ఈ పెళ్లికొడుకు? మావాడి పేరు ఇది కాదే!" అని వరుడి బాబాయి గుమ్మం ముందే ఆగిపోయాడు. "పేరు మారేదాకా మేం లోపలికి రామండి!"

మావయ్యగారు బావగారి వంక చూశారు. బావగారు నా వంక చూశారు. నేను కీబోర్డు వైపు పరుగెత్తాను. పేర్లు మార్చాను, వాళ్లు లోపలికి నడిచారు. పది నిమిషాలకు కరెంటు తిరిగొచ్చింది, జనరేటరు ఆపారు, ఆ మార్పుకే బోర్డు మళ్లీ ఆరి వెలిగింది. మళ్లీ నేనే పెళ్లికొడుకుని. కార్డు ఊడబెరుకుదామంటే జిగురు నాది, గట్టిది. ఇక బోర్డు వెనక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో కీబోర్డు పెట్టుకుని కూర్చున్నాను.

కృత్తివెన్ను నుంచి వచ్చిన ఓ మామ్మగారు మజ్జిగ గ్లాసుతో నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "బోర్డు మీద పేరు నీదేనంటగా నాయనా! మంచి పని చేశావు, సిగ్గుపడితే ఎలా? గోత్రమేంటి? మా మనవరాలు డిగ్రీ పాసైంది."

"మామ్మగారూ, కరెంటు పోయేలా ఉందండీ!"

"పోతే పోయింది, గోత్రం చెప్పు."

పోయింది. (ఆ మనవరాలినే చేసుకున్నానా అని అడక్కండి, లేదు.)

జీలకర్ర బెల్లం పెట్టే వేళకు మళ్లీ పోయింది. అందరూ లోపలున్నారు. "ఇప్పుడు బోర్డు చూసేవాడెవడయ్యా, వదిలెయ్, వచ్చి అక్షింతలు వెయ్" అన్నారు బావగారు. నాకు మనసొప్పలేదు. నిజంగా ఏడుపొచ్చింది. ఎవరిదో పెళ్లి, నా తెలివి వల్ల అభాసుపాలవుతోందనిపించింది. లోపల సన్నాయి జోరందుకుంటుంటే నేను బయట ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ఆ ఇద్దరి పేర్లూ కొట్టాను.

మధ్యాహ్నం కొత్త దంపతులు బయటికొచ్చి ఫోటో కోసం బోర్డు కింద నిలబడ్డారు. వాళ్ల పేర్లే తిరుగుతున్నాయి. బావగారు నా భుజం తట్టి, "బోర్డు ఆగలేదు కాబట్టి నువ్వు పర్మనెంటే. జిగురు సీసా మాత్రం ఇచ్చెయ్" అన్నారు.

ఇప్పుడు ఎదురింటాయన పేరు కూడా ఫోను చూస్తే తప్ప గుర్తురాదు నాకు. కానీ ఆ వధూవరుల పేర్లు, ఇంటిపేర్లతో సహా, కళ్లు మూసుకుని కొట్టగలను. ఆ ఫోటోలో వాళ్ల వెనక, బోర్డు కింద, కీబోర్డు మోస్తున్న రెండు మోకాళ్లు కనపడుతుంటాయి. అవెవరివో వాళ్లకి తెలియదు.