చింతమాను మీద సున్నం

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక తప్పు కొలత. ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ముందుగా నిజాన్నీ వినికిడినీ వేరు చేయాలి. ఆళ్ళగడ్డ దగ్గర దేవదానం అనే రైతు తన చేను పోగొట్టుకున్నాడు, నేను రాసిచ్చిన కాగితం వల్ల. ఇది నిజం. తర్వాత గడివేములలో కూలికి కుదిరాడట. ఇది వినికిడి. విచారించే ధైర్యం నాకు లేకపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నేను నంద్యాలలో సైన్సు పాఠాలు చెప్పేవాణ్ణి. దేవదానానికీ పక్క చేని ఆసామికీ హద్దు తగాదా. హద్దుకు గుర్తు బాట పక్క చింతమాను మీది గొడ్డలి గంటు. తాత కొట్టినదని దేవదానం, నిన్నమొన్న దొంగచాటుగా కొట్టినదని ఆసామి. గంటును సగం పాచి కప్పింది. బెరడు మీద తెల్లటి బిళ్ళల్లా పెరిగే పాచి. దాని వేగం తెలిస్తే గంటు వయసు తెలుస్తుందని పెద్దమనుషులు నన్నడిగారు. పాత తాలూకా కచేరీలో ఆ చెట్టు ఫోటోలు రెండు దొరికాయి. ఒకటి సర్వేలో తీసినది. పదేళ్ళ తర్వాతది ఎవరో దొర క్యాంపులో తీయించినది. గంటు అవతలి వైపు ఉండడంతో రెండింటిలోనూ కనబడలేదు. ఇవతలి పాచిని ఫోటోల్లో చెట్టు పక్కనే పడిన మైలురాయితో పోల్చి, భూతద్దంతో కొలిచాను. మొదట రూపాయి బిళ్ళంత, తర్వాత అరచేయంత. ఇంత వేగమైతే గంటును సగం కప్పడానికి కొద్ది ఏళ్ళు చాలు, అంటే గంటు కొత్తదే. అలాగే రాశాను.

దేవదానం నంద్యాలకు వచ్చి, రెండో ఫోటో చూసి నవ్వాడు.

"ఇది పాచి యాడిది అయ్యోరూ, సున్నం! దొర వస్తాండాడని బాటెంబడి మాన్లకంతా మాతోనే కొట్టించినారు."

"అది చెప్పుడు మాట. నాది కొలత."

"ఎద్దును నీడ జూసి కొంటామా అయ్యోరూ? ఒక్కతూరి చెట్టుకాడికి రాండి."

వెళ్ళలేదు. బస్సు లేకనా? పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సు రోజూ ఉంది. మడక దున్నేవాడు నా భూతద్దానికి తప్పు పట్టడమేమిటన్న పొగరు, అంతే. దొర వస్తే చెట్లకు సున్నం పడుతుందని ఆ సీమలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకు తెలియదా? మా వీధి వేపలకు ఏటా కొట్టేవారు! తెలిసినదాన్ని కూడా మరిపించిన ఆ చదువు మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చేను ఆసామి పాలైన ఏడాదికి, వేరే పని మీద పోతూ ఆ చెట్టు దగ్గర ఆగాను. పాచి రెండో ఫోటోలో ఉన్నదానిలో సగం కూడా లేదు. చుట్టూ బెరడు పగుళ్ళలో తెల్లటి పొడి. దాహానికి తెచ్చుకున్న నిమ్మకాయ పిండాను. పొంగింది. సున్నమే. గంటు వైపు మాత్రం పోలేదు. అక్కడి పాచిని కొలిస్తే తెలిసిపోతుంది. తెలిస్తే చెప్పాల్సి వస్తుంది. జీవితమంతా ఎదుటివాడిని రుజువు అడిగినవాణ్ణి, రుజువు ఎదురుగా ఉంటే తల తిప్పుకున్నాను. నా మాటకున్న గౌరవం పోతుందని నోరు మూసుకున్నాను.

క్షమించమని అడగను, ఆ హక్కు మీది కాదు. చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.

ఒక ప్రశ్న మిగిలింది. ఆ గంటు నిజంగా అతని తాత కొట్టినదేనా? నా కొలత తప్పయినంత మాత్రాన అతని మాట రుజువైపోదు. సరైన వేగంతో మళ్ళీ లెక్కగట్టాలంటే గంటు మీది పాచి కావాలి. అది లేదు. నేను మౌనంగా ఉన్న వేసవిలోనే ఆసామి ఆ చెట్టును కొట్టించాడు.