నడుస్తుంది కాదు, నడిచింది

మొన్న ఆఫీసులో బోర్డు మీద రాయడానికి కొత్త మార్కర్ మూత తీశాను. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే మీటింగు మధ్యలోంచి లేచి మా నర్సీపట్నం వెళ్లిపోయినట్టయింది. మేము తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఏయే ఆపరేటింగ్ సిస్టంల మీద పనిచేస్తుందో కొనేవాళ్లకు చూపించే పేజీ గురించి మాట్లాడుతున్నాం అప్పుడు. మా టీములోని కుర్రవాళ్లు ఉత్సాహంగా అన్నిటికీ ఎదురుగా టిక్కులు పెట్టుకుంటూ పోతున్నారు. "వీటిలో నడవగా చూసిందెవరు?" అని అడిగాను. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, సత్యారావు గారిది.

ఎనభైల చివర్లో నర్సీపట్నం మెయిన్ రోడ్డు మీద, ఒక మందుల షాపు మేడపైన ఆయన కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఆయనది రావికమతం దగ్గర చెరకు పండించే కుటుంబం. విశాఖపట్నంలో కొన్నాళ్లు కంప్యూటర్ల కంపెనీలో పనిచేసి, పైవాళ్లతో పడక తిరిగొచ్చేశారు. ఎవరితోనూ పడకపోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. నేను బీఎస్సీ అయ్యాక ఊరికే కూర్చోలేక అక్కడ కోర్సులో చేరాను. కోర్సు అయ్యేసరికి అక్కడే పనిలో కుదిరాను. సెంటరంతటికీ ఉన్నది ఒకటే కంప్యూటర్. దాని గదిలో ఎవరైనా చెప్పులతో అడుగుపెడితే కింద మందుల షాపు దాకా వినబడేలా అరిచేవారు.

చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి ఫ్లాపీల్లో ఎక్కించి ఇచ్చేవాళ్లం. ప్రతి ఫ్లాపీ మీదా ఒక చీటీ అతికించి, అది ఏ ఆపరేటింగ్ సిస్టంలో పనిచేస్తుందో మార్కర్‌తో రాయాలి. మొదటిసారి నేను అందంగా "డాస్‌లో నడుస్తుంది" అని రాసి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"నడుస్తాదని ఎవరు సెప్పేరమ్మా నీకు?"

"నిన్న నడిచింది కదండీ!"

"మరి అదే రాయి. నడుస్తాది అన్నది అమ్మీవోడి మాట. నడిసింది అన్నది సూసినోడి మాట. కింద నీ పేరు కూడా రాయి, సూసింది నువ్వే గదా."

ఇదేం చాదస్తం అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. మన తెలుగులో "నడుస్తుంది" అంటే ఈరోజుకీ అదే మాట, రేపటికీ అదే మాట. అమ్మేవాడు ఆ రెంటి మధ్యా ఎంచక్కా దాక్కోవచ్చు. ఆ సందు ఆయన మూసేశారు.

ఒక కంప్యూటర్‌లో నడిచింది ఇంకోదానిలో ఎందుకు నడవదని అడిగితే, "మా ఊరి ఎద్దుని యలమంచిలోడు అదిలిస్తే కదుల్తాదేటి? బలం అదే, అదిలింపు వేరు. ఆపరేటింగ్ సిస్టమంటే ఆ అదిలింపే" అన్నారు. ఇప్పటికీ కొత్తవాళ్లకు నేను ఇలాగే చెబుతాను.

యలమంచిలిలో ఒక ప్రైవేటు కాలేజీకి పిల్లల మార్కులు కూడి ర్యాంకులు వేసే ప్రోగ్రాం కావాల్సి వచ్చింది. దాన్ని సత్యారావు గారు పూర్తిగా నాకే అప్పగించారు. మా నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. మేడపైన అద్దాల గదిలో కూతురు చేస్తున్న పని ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. "ఆ కాలేజీ వాళ్లు నీ పని తీసుకుంటే ఇందులోనే ఉండమ్మా. లేకపోతే బీఎడ్‌లో చేరిపో" అని తేల్చి చెప్పారు. బీఎడ్ చెడ్డదేమీ కాదు. కానీ నాకు ఆ గది కావాలి. నేను రాసిన నాలుగు లైన్లకు ఆ తెర బదులు పలికినప్పుడు కలిగే సంతోషం నాకు మరెక్కడా దొరకలేదు.

ప్రోగ్రాం మా దగ్గర చక్కగా పనిచేసింది. ఫ్లాపీ పట్టుకుని నేనూ సత్యారావు గారూ యలమంచిలి బస్సెక్కాం. తీరా వెళ్తే, కాలేజీ వాళ్లు కొత్తగా కొన్న కంప్యూటర్‌లో ఉన్నది డాస్ కాదు, యూనిక్స్. కాలేజీ యజమాని కరస్పాండెంట్ గారు తొందర మనిషి.

"యూనిక్స్ కూడా అని చీటీ మీద రాసీండి, సత్యారావు గారూ. సాయంత్రం కమిటీకి సూపించాలి. నడవకపోతే తర్వాత సూసుకుందాం."

నా చెయ్యి మార్కర్ మీదకు వెళ్లబోయింది. ఒక్క మాట రాస్తే ఆ గది నాకు మిగులుతుంది. సత్యారావు గారు మాత్రం "ముందు సూద్దారండీ" అని ఫ్లాపీ పెట్టి కూర్చున్నారు. తెర మీద ఇదేమిటో నాకు తెలియదన్నట్టు ఒక లైను వచ్చి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అదే. ఆయన మార్కర్ తీసి, కరస్పాండెంట్ గారి కళ్లముందే "యూనిక్స్: నడవలేదు" అని రాసి, కింద తన పేరు పెట్టి చేతికిచ్చారు. "ఇలాంటి చీటీ కమిటీకి ఎలా సూపించనండీ!" అని కరస్పాండెంట్ గారు తలపట్టుకున్నారు.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. సత్యారావు గారి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆయన ఓదార్చలేదు. నర్సీపట్నంలో దిగి సెంటర్‌కు వెళ్లకుండా, నా వెనకే మా ఇంటికి వచ్చేశారు. నాన్న కుర్చీ వేసి విషయం విన్నారు.

"అయితే నడవదన్నమాట. సరే, బీఎడ్‌కి కట్టేద్దాం" అన్నారు.

"మాస్టారూ, నడవలేదు అని రాసేనండీ. నడవదు అని నాను రాయలేదు. తెలుగు సెప్పీ మీకు ఆ రెంటికీ తేడా నాను సెప్పాలేటి?"

నాన్న చాలాసేపు నవ్వారు. మా నాన్న ఎవరి వాదనకూ లొంగే మనిషి కాదు, వ్యాకరణానికి మాత్రం లొంగిపోయారు. "ఎన్నాళ్లు కావాలి అమ్మాయికి?" అని అడిగారు. "బేగి అవదండీ. అయ్యీదాకా ఆగాలి" అన్నారు సత్యారావు గారు.

మర్నాడే ఆయన కరస్పాండెంట్ గారికి ఫోన్ చేసి, మా అమ్మాయి మీ కంప్యూటర్ దగ్గరే కూర్చుని తిరగరాస్తుంది, అనుమతివ్వండని అడిగారు. విసుక్కుంటూనే కరస్పాండెంట్ గారు ఒప్పుకున్నారు. "నడవలేదని ముఖం మీదే రాసిచ్చిన మనిషి, నడిసిందని రాస్తే నమ్మొచ్చు" అన్నారట. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, యూనిక్స్ ఓనమాలు దిద్దుకుంటూ దాదాపు మొత్తం కొత్తగా రాశాను. వార్షిక పరీక్షల ముందు ఒక మధ్యాహ్నం, పాత పరీక్షల మార్కులకు ర్యాంకులన్నీ తెర మీద వరసగా దిగాయి. పాత చీటీ చింపకుండా దాని కిందే "నడిచింది" అని రాసి నా పేరు పెట్టాను. బీఎడ్ ఊసు మా ఇంట్లో మళ్లీ రాలేదు.

ఆ తర్వాత నాన్నకు ఆ తేడా ఊతపదమైపోయింది. "మీ అమ్మాయికి ఇంకా సంబంధం కుదరదా మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "కుదరలేదండీ" అని ఆ "లేదు"ను ఒత్తి పలికి నావైపు చూసి నవ్వేవారు.

సత్యారావు గారు ఇప్పుడు లేరు. నేను తినే అన్నంలో ఆయన పెట్టిన మెతుకులున్నాయని ఎవరి దగ్గరైనా సంతోషంగా చెబుతాను. మా పేజీలో ప్రతి సిస్టం పేరుకు ఎదురుగా చూసినవాళ్ల పేరు ఉంటుంది, చూడనిచోట ఖాళీ ఉంటుంది. ఇంటర్వ్యూలో తడబడిన పిల్లల గురించి "చెప్పలేదు" అని రాస్తాను తప్ప "చెప్పలేదు కాబట్టి రాదు" అని రాయను. ఆ సాయంత్రం ఆయన మా గుమ్మం ఎక్కి ఉండకపోతే, నా పేరుకు ఎదురుగా ఎవరో ఒకరు "నడవదు" అని రాసేసి ఉండేవారు. నాన్న కాదు, కరస్పాండెంట్ గారు కాదు. అది రాసి ఉండేది నేనే.