రాక్షసుడు మా నాయనలా మాట్లాడినప్పుడు

నిన్న సాయంత్రం చపాతీ పిండి కలుపుతుంటే హాల్లోంచి మా నాయన మాట వినబడింది. "ఎవురప్పా మీరు? యాడికి పోతా ఉండారు?" సత్యవేడు నుంచి ఆయన రావలసింది మర్నాడు కదా అని తొంగి చూశాను. మాట్లాడింది మూడో తరగతి చదివే మా అమ్మాయి. పుట్టినరోజుకు ఎవరో ఇచ్చిన, వీరులూ రాక్షసులూ ఉండే పెట్టె ఆటలో దానికి రాక్షసుడి వంతు వచ్చింది. ఆ మాట పూర్తవగానే తమ్ముడు అట్టకత్తితో పొడిచాడు, ఇద్దరూ పడీ పడీ నవ్వారు. "రాక్షసుడు అలా మాట్లాడతాడని ఎవరు చెప్పారే?" అన్నాను. "ఎవరూ చెప్పలేదమ్మా. వీరులు మనలాగా మాట్లాడతారు, రాక్షసులు తాతలాగా" అంది, రెండు రెళ్ళు నాలుగన్నంత తేలిగ్గా. నా చేతులు పిండిలోనే ఉండిపోయాయి. తెల్లారి బస్సు దిగి గుమ్మంలోకి వచ్చే మనిషి చెవిన ఈ మాట పడితే?

ఆ మాట నాకు కొత్త కాదు, అందుకే అంత మంట. నాకు జీతం తక్కువగా, రోషం ఎక్కువగా ఉండిన ఆ రోజుల్లో తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరాను. మా టీమ్ లీడరుది వేరే ప్రాంతం. ఆయన్ను మేమంతా వెనకాల 'దొరగారు' అనేవాళ్ళం (ముందు 'సార్' అనేవాళ్ళం, అంత ధైర్యం మాది). శనివారం మధ్యాహ్నం పని తగ్గగానే ఆయన బల్ల మీద ఒక మ్యాపు పరిచి, పాచికలు పెట్టి కథ నడిపేవారు. మేము తలా ఒక పాత్ర వేయాలి. మగవాళ్ళకు కత్తులు, మంత్రాలు ఇచ్చి, నాకు గాయాలు మాన్పే వైద్యురాలి వేషం ఇచ్చారు (ఆటలో కూడా కట్లు కట్టే పని మనదే). ఒక శనివారం ఆటలో రాజుగారు పంపగా ఓడ దిగాం. "ఈ నేలకు ఇంకా పేరు లేదు. కొండ కింద బంగారం ఉంది, మనం కనిపెట్టాలి" అన్నారు దొరగారు. "ఆడ ఉండేవాళ్ళు ఏమని పిలుస్తారో అడుగుదాం సార్" అన్నాను. "ఉండేవాళ్ళెవరూ లేరమ్మా, రాక్షసులే" అన్నారాయన. అంతలో పొద చాటు నుంచి ఒక పచ్చ రాక్షసుడు వచ్చాడు. దొరగారు గొంతు మార్చి, మూతి వంకర పెట్టి, "ఎవుర్రా మీరు? యాడికి పోతా ఉండారు?" అన్నారు. గది గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా టీములోనే పనిచేసే, పూతలపట్టు నుంచి వచ్చే అన్న. ఇంటి దగ్గరున్న వాళ్ళమ్మతో ఫోనులో అచ్చం అలాగే మాట్లాడే మనిషి, లేచి ఒక్క వేటుతో ఆ రాక్షసుణ్ణి నరికేశాడు. పాయింట్లు!

నా ఒళ్ళు భగ్గుమంది. మా ఊళ్ళో కొత్త మనిషి కనిపిస్తే ఎవరైనా అడిగే మొదటి మాట అదే. ఆ తర్వాతి మాట "మజ్జిగ తాగి పో." రెండో మాట దాకా ఆ పచ్చవాణ్ణి బతకనివ్వలేదు వీళ్ళు! "నేను వైద్యం చేస్తాను సార్" అన్నాను. "ఎవరికి? మనలో ఎవరికీ గాయం కాలేదే" అన్నారు. "వాడికి." నియమాల పుస్తకం తిరగేశారు. ప్రాణం పోతున్న ఎవరికైనా చేయవచ్చని ఉంది. పాచిక నా వైపు పడింది, రాక్షసుడు లేచి కూర్చున్నాడు. అన్న మళ్ళీ నరికాడు. నేను మళ్ళీ లేపాను. ఆట అక్కడే కూరుకుపోయింది. దొరగారి ముఖం ఎర్రబడింది. "లేపినా వాడితో నువ్వు మాట్లాడలేవు. రాక్షస భాష రావాలంటే మంత్రం కొనాలి."

"నాకు పుట్టినప్పటి నుంచీ వచ్చు సార్."

"ఊరికే ఆటమ్మా! ఎందుకంత కోపం?"

"ఊరికే ఆటైతే రాజుగారు మీ మాదిరి మాట్లాడతాడు, సచ్చేవాడు మా నాయన మాదిరి మాట్లాడతాడు, ఎందుకు సార్? ఒక్కసారి మార్చి ఆడండి, సూస్తాం!"

పూతలపట్టు అన్న పాచికలు చేతిలో దొర్లించి, "నేనూ ఆ రాక్షసుల కొండకే వచ్చేస్తా లేమ్మా, ఈ ఓడలో గాలాడలా" అన్నాడు. ఆ తర్వాత శనివారాలు మమ్మల్నిద్దరినీ ఆటకు పిలవలేదు. సంతోషం.

పిచ్చిదాన్ని, ఆ రోజు గెలిచేశాననుకున్నాను. ఓడ మా హాల్లోకే వచ్చి ఆగుతుందని ఎవరు కలగన్నారు? ఈ పొద్దున పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, పుస్తకంలో ఉన్నట్టు చక్కగా నాలుగు మంచిమాటలు చెబుదామని నోరు తెరిచాను. తీరా వచ్చింది వేరు. "సూడండి, తాత బస్సు దిగినాడంట, వస్తా ఉండాడు..." పిల్లలు బిత్తరపోయారు. "అమ్మా, నువ్వు కూడా రాక్షసివా?" అన్నాడు చిన్నవాడు, కత్తి వెనక్కి దాచుకుంటూ. నాకు నవ్వాగలేదు, కోపమూ పోలేదు.

"అవున్రా. మీరు గూడా ఆ కొండోళ్ళే. పొండి, వీధి మలుపు కాడికి పోయి తాత చేతిలో సంచి అందుకోండి."