మూడు రోకళ్ల చప్పుడు

నిన్న సాయంత్రం మా వీధిలోంచి పెళ్లి ఊరేగింపు పోయింది. బండి మీద నల్లటి పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలు పేర్చి ఉన్నాయి. పాట ఇంకా మలుపు అవతల ఉండగానే మా వంటింట్లో స్టీలు పళ్లాలు సన్నగా వణకసాగాయి. మా కోడలు చెవులు మూసుకుంది. నేను గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. మోతను చేత్తో వినడం నాకు నేర్పిన మనిషి ఓదెలన్న. ఆయనను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఎనభైలలో మేము గోదావరి దగ్గర బొగ్గు గనుల కాలనీలో ఉండేవాళ్లం. ఓదెలన్నది మా పక్క క్వార్టర్. ఆయనా, మా ఆయనా ఒకే గనిలో పని చేసేవారు. బొగ్గు పొరల్లో తూటాలు పెట్టి పేల్చడం ఓదెలన్న పని. ఇరవై ఏళ్ల పేలుళ్లు ఆయన చెవులను కొద్దికొద్దిగా తినేశాయి. మొదట పిట్టల కూతలు పోయాయి, తరువాత ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు. మా పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. ఉరుములాంటి లావుపాటి చప్పుళ్లు మాత్రం ఇంకా కొంచెం అందేవి. అవి కూడా ఎక్కువ కాలం ఉండవని ఆసుపత్రిలో చెప్పేశారు.

భార్య రాజవ్వ అప్పటికి రెండేళ్ల కిందటే కామెర్లతో చనిపోయింది. ఆమెది ఒక క్యాసెట్ మిగిలింది. మంథని దగ్గరి వాళ్ల ఊళ్లో ఓదెలన్న చెల్లెలి పెళ్లికి మేము ముగ్గురం పాట పాడుతూ పసుపు దంచాం. లచ్చవ్వ అనే పెద్దామె, రాజవ్వ, నేను. ఒకే రోలు, మూడు రోకళ్లు. దుబాయి నుంచి వచ్చిన రాజవ్వ తమ్ముడు శంకర్ టేప్‌రికార్డర్‌ను రోలు పక్కనే పెట్టి ఆ పాటనూ దంపుడునూ క్యాసెట్‌లోకి పట్టాడు. పాటలోని రాజవ్వ గొంతు ఓదెలన్నకు ఇక వినపడదు. రోకటి పోటు వినపడవచ్చు. చెవులు పూర్తిగా మూతపడేలోగా ఆమె పోటును ఒక్కసారి విడిగా వినాలని ఆయన కోరిక. అందుకే లావు చప్పుడును బయటికి తెచ్చే స్పీకర్ పెట్టె ఒకటి సొంతంగా తయారు చేయాలనుకున్నాడు.

శంకర్‌కు అది నచ్చలేదు. ఓదెలన్న చెవిలో నోరు పెట్టి అరిచాడు.

"బావా, గీ చెక్కలు కోసుకుంట ఎన్ని దినాలు కూసుంటవు? కరీంనగర్ల తయారుగ దొరుకుతది, నేను తెస్త!"

"దుకాణపోనికి నా చెవులు ఎరికేనారా?" అన్నాడు ఓదెలన్న.

అయినా శంకర్ కొనుక్కొచ్చాడు. చూడటానికి అందంగా ఉంది, నల్లటి జాలీతో. క్యాసెట్ వేయగానే ఇల్లంతా ఒకటే మూలుగు. ఒక పోటు మోత ఆగకముందే ఇంకొకటి దాని మీదికి ఎక్కుతోంది.

"గివి రోకళ్లా, ఈననీకి వచ్చిన బర్రెనా?" అన్నాడు మా ఆయన. అందరం నవ్వాం. మా నవ్వులు చూసి ఓదెలన్న కూడా కొంచెం నవ్వాడు. తరువాత పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు.

గనికి వచ్చే యంత్రాల పెట్టెల దళసరి చెక్కలు తెచ్చి మా వెనుక వాకిట్లో పని మొదలుపెట్టాడు. నేను ఆయనకు చెవిని. ఏది మోగుతోందో, ఏది ఊరికే అదురుతోందో నేను చెప్పాలి. మొదటి పెట్టె వెనుక చెక్కకు అరచేతంత రంధ్రం పెట్టాడు. ఎందుకని అడిగితే, "గాలికి తొవ్వ లేకుంట మూస్తె ఎట్ల చెల్లె? లోపలోళ్లు సావరా?" అన్నాడు.

"లోపల ఎవలున్నరన్నా?"

ఆయన తన చేతిలోని ఉలి వంక చూసుకున్నాడు. ఇరవై ఏళ్లు భూమి లోపల బతికిన మనిషి. గాలి పోయే దారి మూయడానికి ఆయన చేతులు ఒప్పుకోలేదు. ఆ పెట్టె కూడా కొన్న పెట్టెలాగే మూలిగింది. రెండు రోజులు ఆలోచించి, "గనికి గాలి గావాలె. దీనికి ఊపిరి బిగవట్టాలె," అన్నాడు.

రెండో పెట్టెకు ఆరు చెక్కలు కోసి, ఒక్కొక్కదాని మీద అది ఏ పక్కదో సుద్దముక్కతో రాశాడు. డ్యూటీకి పోతూ, జిగురు పూసి బిగించే పని నాకు అప్పగించాడు. "ఏది యాడనో చూసి పెట్టు. ఎరికైతది గదా?"

నేను తల ఊపాను. నాకు అప్పటికి ముప్పై ఐదేళ్లు. ఒక్క అక్షరం రాదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి, కొలతలు అందాజుగా చూసి బిగించేశాను. ఆయన వచ్చేసరికి జిగురు ఎండిపోయింది. వైరు కోసం వెనుక ఉండాల్సిన బెజ్జం నెత్తి మీద ఉంది. మూలల్లో వేలు దూరేంత సందులున్నాయి.

"నువ్వే సక్కగ కొయ్యలే," అన్నాను.

ఆయన చెక్కల మీది రాతలు చూశాడు, నన్ను చూశాడు. "సదువు రాదని చెప్తె కొడ్తనా? తలకాయ ఊపితె చెక్క అతుక్కోదు చెల్లె."

ఆ పెట్టెను ఊడదీసి, కొత్త చెక్కలు దొరికేసరికి నెల దాటింది. ఆ నెలలోనే ఒకరోజు కాలనీ రోడ్డు మీద వెనుక నుంచి లారీ వస్తుంటే ఓదెలన్న పక్కకు జరగలేదు. మా ఆయన లాగకపోతే ఏమయ్యేదో. లారీ మోత కూడా పోతోందని అప్పుడు తెలిసింది. నేను పోగొట్టిన నెల అది. ఓదెలన్న దాని గురించి ఒక్క మాట అనలేదు. సాయంత్రాలు సుద్దముక్క నా చేతికిచ్చి చెక్కల మీదే దిద్దించాడు: పై, కింద, ఎడమ, కుడి, ముందు, వెనుక. నేను చదివిన మొదటి ఆరు మాటలు అవే.

మూడోది ఇద్దరం కలిసి బిగించాం. స్పీకర్‌ను వేళ్లతో మెల్లగా లోపలికి అదుముతూ, అంచుల వెంట నాచేత వెలిగించిన అగరువత్తి తిప్పించాడు. పొగ కదిలితే అక్కడ గాలి పోతున్నట్టు; అలాంటి చోటల్లా మళ్లీ జిగురు పూశాం. లోపల బూరుగు దూది కూరాం. ఒక ఆదివారం మధ్యాహ్నం క్యాసెట్ వేశాడు.

పోట్లు విడివిడిగా పడ్డాయి. ధమ్, ధమ్, ధమ్. రెండు సమంగా, మూడోది జర ఆగి, బరువుగా. ఓదెలన్న పెట్టె మీద రెండు చేతులూ వేసి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కళ్లనిండా నీళ్లు.

"గీ ఆగి పడేది మా రాజవ్వదే గద చెల్లె? పనిల గట్లనే నిమ్మళం ఆమెది."

ఆ పోటు నాది. అరచేతులు బొబ్బలెక్కి ఆ రోజు ప్రతిసారీ వెనకబడ్డాను. తల ఊపితే చాలు, ఆయన కోరిక తీరిపోతుంది. ఊపబోయాను కూడా. తల ఊపి నేను పాడుచేసిన పెట్టె గుర్తొచ్చింది.

"అది నాదన్నా," అన్నాను, పెదాలు బాగా కనపడేట్టు. "చేతులు బొబ్బలెక్కినయి నాకు."

ఆయన మొహం వాడిపోయింది. చేతులు పెట్టె మీంచి జారాయి. తరువాత మెల్లగా అడిగాడు. "నీకు ముంగట ఎవలు ఏసేది?"

రోట్లో మూడు రోకళ్లు ఆడేటప్పుడు వరుస తప్పదు. తప్పితే రోకళ్లు కొట్టుకుంటాయి. లచ్చవ్వ, రాజవ్వ, నేను.

"రాజవ్వ," అన్నాను.

ఆయన క్యాసెట్ మళ్లీ మొదటికి తిప్పాడు. నా పోటు పడ్డప్పుడల్లా నేను ఆయన భుజం మీద తట్టాను. నాలుగైదు సార్లు అయ్యాక, "ఇగ సాలు, నువ్వు తట్టకు," అన్నాడు. ఒక్కడే విన్నాడు. నా పోటుకు ముందు పడే పోటు దగ్గర ఆయన వేలు పెట్టె మీద చిన్నగా లేచి పడుతూ ఉంది. ప్రతిసారీ సరిగ్గా అక్కడే.

"దొరికింది," అన్నాడు.

ఏడాది తిరిగేసరికి ఆయనకు ఏ చప్పుడూ మిగల్లేదు. ఉద్యోగం వదిలి ఖానాపూర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. కాలనీలో ఆడవాళ్లకు సాయంత్రం బడి పెడితే నేను పోయి మిగిలిన అక్షరాలు నేర్చుకున్నాను. నా మొదటి ఉత్తరం ఆయనకే. తప్పులతో రాశాను, దిద్ది పంపాడు.

నేను ఆ మధ్యాహ్నం తల ఊపి ఉంటే, ఓదెలన్న నన్నే రాజవ్వ అనుకుని వినేవాడు. సంతోషంగానే వినేవాడు. పక్కనే పడుతున్న ఆమె పోటు ఆయనకు ఎన్నటికీ అందేది కాదు. ఎదుటి మనిషి మనసు నొచ్చుకుంటుందని ఒక తియ్యని అబద్ధం నా నోటిదాకా వచ్చినప్పుడు ఇప్పటికీ ఆగిపోతాను. నాది నాదని చెప్పేస్తాను. దాని పక్కన వాళ్లకు కావలసింది ఏముందో ఆ తరువాత ఇద్దరం కలిసి వెతుకుతాం.