కోపంలో మొక్కిన మెట్ల మొక్కు

అరవై రెండేళ్ళ వయసులో, పట్టపగలు, వందల మంది భక్తుల నడుమ, అలిపిరి మెట్ల మీద నేను నాలుగు కాళ్ళ మీద ఇరుక్కుపోయిన వైనం చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. అయితే తప్పెవరిదో ముందే తెలుసుకోండి. మా బామ్మర్ది మునిరత్నానిది.

ఆరేళ్ళ కిందట చిత్తూరులో వాడి మనవరాలికి చెవులు కుట్టించి, చాపల మీద భోజనాలు పెట్టారు. తిన్నాక లేవబోయాను. నేల నన్ను వదల్లేదు. మునిరత్నం చేతిలో సాంబారు గరిటె అలాగే ఉంచుకొని అన్నాడు:

"బావను లేపేదానికి క్రేను పిలిపించండబ్బా."

పదకొండు మంది నవ్వారు. ఇప్పటికీ వరసగా పేర్లు చెప్పగలను. రెండోసారి నవ్విన వాళ్ళవి విడిగా చెప్పగలను.

"సూస్తా ఉండు," అన్నాను. "వచ్చే శనివారం అలిపిరి నుంచి కొండపైదాకా ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడతా. ఏడుకొండలవాడికి మొక్కుకుంటా ఉండా."

మూడు వేల అయిదు వందల పైచిలుకు మెట్లు. మెట్టుకో వంగడం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదైతే ఊరి సంగతి దేవుడెరుగు, మోకాళ్ళు మంచిగా ఉండేవి.

మాట వెనక్కి తీసుకుందామనుకునేలోపు మా అత్త కుప్పమ్మ అందుకుంది. మునిరత్నానికీ నా భార్యకూ తల్లి, మా నాయనకు సొంత చెల్లెలు. అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. నన్ను ఊయలలో ఊపిన హక్కుతో ఇప్పటికీ "రేయ్" అంటుంది.

"దేవుడి పేరెత్తినాక ఎనక్కి పోకూడదురా సెంగల్రాయా. నేనూ తోడొస్తా."

"నువ్వెందుకత్తా? యాడన్నా పడితే?"

"నువ్వు పడితే లేపేదానికి."

పన్నెండో అవమానం.

శనివారం తెల్లవారుతూనే మొదలుపెట్టాం. వేడుక చూడ్డానికి మునిరత్నమూ వచ్చాడు. నేను శత్రువు కోట మీద పడ్డట్టు మెట్ల మీద పడ్డాను. అత్త కొంగు దోపి, పసుపు గిన్నె పట్టుకొని, వంగి, లేచి, వంగి, లేచి, కుట్టుమిషను సూదిలా పోతోంది. ఆయాసమన్నది లేదు. పైగా పక్కన నడిచే ఒకామెకు చింతపండు నిలవ చేసే పద్ధతి చెబుతోంది.

"రేయ్, నీ కాళ్ళ కాడి మెట్టుకు కాదు, పై మెట్టుకు పెట్టు. నడుము ఇరుగుతాది."

"నా మొక్కు నా ఇష్టం అత్తా."

గాలిగోపురం ఇంకా కనబడనేలేదు. ఒక మెట్టుకు బొట్టు పెట్టి లేవబోతే నడుము పట్టేసింది. రెండు చేతులూ మెట్టు మీద, నుదురు రాతికి అంగుళం దూరంలో. కదల్లేను. కదల్లేనని చెప్పనూ లేను, వెనకే మునిరత్నం ఫోను ఎత్తి పట్టుకొని వస్తున్నాడు.

"ఏం భక్తప్పా," అన్నారెవరో. "కండ్లల్లో నీళ్ళు కారతా ఉండాయి సూడు."

ఒకాయన నా కాళ్ళకు మొక్కాడు. ఒకామె నన్ను మెట్టనుకుందో మహానుభావుడనుకుందో, వీపు మీద మూడు బొట్లు పెట్టింది. చివరికి మునిరత్నం కూడా ఫోను జేబులో పెట్టి చేతులు జోడించాడు.

అత్త ఒక్కతే నా పక్కన గొంతుక్కూర్చుని చెవిలో అడిగింది.

"పట్టేసిందా?"

"ఊఁ."

"ఒక మోకాలు కింద ఆనించు. రెండో పాదం ముందుకెయ్యి. చేతులు ఆ తొడ మీద పెట్టి, ఊపిరి ఒదలతా లెయ్యి."

లేచాను. జనం గోవిందా అన్నారు.

"ఇదంతా యాడ నేర్సుకున్నావత్తా?"

"తుంటి ఇరిగి మంచాన పడినా గదా. ఇంక నడవదన్నారు. దినామూ మంచం పట్టె పట్టుకొని లేసేది, కూర్సునేది. నువ్వు సూసేదానికి రాలేదులే, నీకేం తెలుసు."

నిజమే, వెళ్ళలేదు. ఆ ఏడు వాళ్ళింటి పెళ్ళి పత్రికలో నా పేరు వేయలేదని గడప తొక్కలేదు. ఆమె ఆ మాట అంతటితో వదిలేసి పై మెట్టుకు పసుపు పెట్టింది. చీర కుచ్చెళ్ళ కింద ఆ సన్నటి కాళ్ళు ఒకదాని వెనక ఒకటి ఎక్కిపోతుంటే, నేను కొండను చూడడం మానేసి వాటినే చూస్తూ ఎక్కాను. ఈసారి పై మెట్టుకే పెట్టాను.

పొద్దువాలేలోపు ఆఖరి మెట్టు చేరాం.

"నా మొక్కు తీరిందత్తా."

"నీది తీరింది. నాది ఉండాది. నువ్వు లేసి పైదాకా నడిస్తే మళ్ళా మొదట్నించీ అన్ని మెట్లకూ పసుపు పెడతానని నీ నడుము పట్టేసిన కాడనే మొక్కినా. వచ్చే నెల పోదాం. నువ్వే తోడు రావాల."

అక్కడే నిలబడి ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట కోపం వస్తే తిడతాను, అలుగుతాను, అన్నం మానేస్తాను, దేవుడి పేరు మాత్రం ఎత్తను. ప్రతిజ్ఞ మనసులోనే చేశాను. అత్త పక్కనే ఉంది.